పాల సంఘంలో పెద్దరికం: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పాడి రైతులకు

సంఘం ఎన్నికల్లో నిలబడాలనుకుంటే అంతకుముందు ఒక నెల రోజులు రెండు పూటలా టెస్టింగు బల్ల దగ్గర నిలబడండి. తగాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. ఆ లెక్క తెలియని ప్రెసిడెంటు సెక్రటరీ ఏం చెబితే దానికి తల ఊపాల్సిందే.

ముందు శాంపిలు. మీగడ పైకి తేలుతుంది కాబట్టి పైపైన ముంచితే ఫ్యాట్ (వెన్న శాతం) ఎక్కువ, అడుగు నుంచి తీస్తే తక్కువ వస్తుంది. ప్లంజరుతో (పాలు కలిపే కడ్డీతో) కిందికీ పైకీ అయిదారుసార్లు కదిపాకే తీయాలి. యూనియన్ (ఊరి సంఘాల పాలు కొనే పై సంస్థ) బండివాడు మీ క్యాన్ల నుంచి తీసేటప్పుడూ ఇదే పద్ధతి పాటించేలా చూసుకోండి. ఫ్యాట్ కొలిచే గెర్బర్ గాజు గొట్టంలో ముందు 90–91 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ 10 మి.లీ., దాని మీద మెల్లగా పాలు 10.75 మి.లీ., ఆపైన ఎమైల్ ఆల్కహాల్ 1 మి.లీ. పోయాలి. మూత బిగించి బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 1,100 చుట్ల చొప్పున నాలుగైదు నిమిషాలు తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి చదవాలి. ఫ్యాట్ గీత కింద నల్లటి మాడు కనిపిస్తే ఆసిడ్ ఘాటు ఎక్కువైనట్టు, తెల్లటి విరుగుడు కనిపిస్తే చాలనట్టు. రెండింట్లో ఏది వచ్చినా ఆ రీడింగు పనికిరాదు. ఇప్పుడన్నీ మిషన్లే కదా అంటారు. మిషన్ కూడా తప్పు చెబుతుంది. అందుకే వారానికోసారి అవే పాలు గెర్బర్‌లో కూడా చూడండి.

పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటరు దగ్గర ఇంకో చిక్కు. అప్పుడే పితికిన పాలలో గాలి బుడగలుంటాయి, రీడింగు తక్కువ చూపిస్తుంది. కాసేపు ఆగకుండా ‘నీళ్లు కలిపావు’ అని ఒక ఆడమనిషిని నలుగురిలో అన్నారంటే ఆ ఇంటి పాలు మళ్లీ కేంద్రానికి రావు. ఎస్‌ఎన్‌ఎఫ్‌ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) లెక్క: రీడింగులో నాలుగో వంతు, ఫ్యాట్‌లో నాలుగో వంతు, ఆ పైన ఒక స్థిరాంకం. రీడింగు 28, ఫ్యాట్ 6 అనుకోండి. స్థిరాంకం 0.35 అయితే 8.85, అదే 0.44 అయితే 8.94 వస్తుంది. సభ్యుల దగ్గర ఒక అంకె, యూనియన్ దగ్గర ఇంకో అంకె వాడితే ఆ తేడా రోజూ మీ సంఘమే భరించాలి. యూనియన్ ఏది వాడుతోందో కాగితం మీద రాయించుకోండి.

ప్రెసిడెంటు రోజూ సంతకం పెట్టే ముందు చూడాల్సిన లెక్క ఒకటే. సభ్యులు 200 లీటర్లు పోశారు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు కాబట్టి అవి 206 కిలోలు. సగటు ఫ్యాట్ 6 శాతమైతే 12.36 కిలోల ఫ్యాట్. యూనియన్ చీటీలో 206 కిలోలకు 5.8 అని వస్తే 11.95 కిలోలే, అంటే 410 గ్రాములు గల్లంతు. ఒక పూట వస్తే కంగారు అక్కర్లేదు. వారం పొడుగునా అలాగే వస్తే ఈ నాలుగూ వెతకండి: క్యాను కదపకుండా శాంపిలు తీయడం, చిక్కటి పాలు ఊళ్లో చిల్లరగా అమ్మేయడం, టెస్టరు తనవాళ్లకు ఒక గీత పైకి రాయడం, లీటర్లకూ కిలోలకూ మధ్య తికమక. మూడోది బయటపడినప్పుడు మందిలో గొడవ పెట్టుకోవద్దు. మర్నాటి నుంచి గొట్టం మీద పేరు తీసేసి నంబరు వేయించండి, చాలు.

ఇక ఈ ప్రాంతపు అసలు సమస్య భాష. సంఘం నడిచేది 1962 నాటి ఒడిశా సహకార సంఘాల చట్టం కింద. నోటీసులూ ఆడిట్ కాగితాలూ ఒడియాలో వస్తాయి. పాలు పోసేవాళ్లలో ఒడియా చదవలేని తెలుగువాళ్లుంటారు, సవర ఇళ్లవాళ్లూ ఉంటారు. మహాసభలో తీర్మానాన్ని ముందు తెలుగులో చదివి, ఒప్పుకున్నాకే ఒడియాలో మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి, తెలుగు నకలు బోర్డు మీద అంటించండి. రాయని పేజీ కింద వేలిముద్రలు తీసుకోవడం ఏ సంఘంలో కనిపించినా ఆ రోజే ఆపించండి. నోటీసుకు ఎన్ని రోజులు, కోరం (సభ చెల్లడానికి హాజరు కావాల్సిన సభ్యుల సంఖ్య) ఎంత అన్నది మీ బైలాలో (సంఘం నియమావళిలో) చూసి నడవండి. కోరం లేని సభ తీర్మానం కోర్టులో నిలవదు.

ఎండాకాలం గేదెలు వట్టిపోయి పాలు తగ్గినప్పుడు సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి ప్రైవేటు బళ్లు వచ్చి లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామంటాయి. అటు పోసినవాళ్లను తిట్టి లాభం లేదు. బిల్లు తేదీ ఒక్కరోజు కూడా తప్పకుండా చూడండి, తౌడు, తెలగపిండి, దాణా అప్పుగా ఇచ్చి బిల్లులో కోయించండి. బోనస్ ఏడాది మొత్తం పోసిన పాల మీదే కట్టండి. పాలు ఎక్కువగా వచ్చే రోజుల్లో ఆ బళ్లు రావన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుచేయవచ్చు. సరిహద్దు అవతలి ఊరి పాలు తీసుకునే ముందు మీ సంఘం పరిధి ఎంతవరకో బైలాలో చూడండి, లేకపోతే ఆడిట్‌లో దొరుకుతారు.

యూనియన్ బోర్డుకు వెళ్లినా ఈ పనులే, కాకపోతే అంకెలు పెద్దవి. ఆనంద్‌లో 1946లో, తర్వాత అమూల్‌గా పేరొందిన కైరా యూనియన్‌కు తొలి ఛైర్మన్ అయిన త్రిభువన్‌దాస్ పటేల్ పాతికేళ్లదాకా ఆ కుర్చీలో ఉన్నారు. మీకూ అన్నేళ్లు సాగవచ్చు, సాగకపోవచ్చు. కాబట్టి రెండో ఏడు నుంచే ఒక ఆడకూతురినీ ఒక కుర్రాణ్నీ లెక్క పుస్తకం దగ్గర కూర్చోబెట్టండి. దిగిపోయే రోజున క్యాష్ పుస్తకం, షేర్ల రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్కు, గొట్టాల లెక్క, కూలరు తాళాలు జాబితా రాసి ఇద్దరి సంతకాలతో అప్పగించండి. బ్యాంకులో సంతకం మార్పు తీర్మానం కూడా ఆ రోజే పంపించండి.