నా టర్కిష్‌కు ప్రాణం వచ్చిందిలా

ఇస్తాంబుల్‌లో నా టర్కిష్ వ్యాకరణం సరిగ్గానే ఉండేది, కానీ వార్తలు చదివినట్టు వినిపించేది. లోటంతా చిన్న పదాల్లోనే. 'బిల్మియోరుమ్' అంటే తెలియదు, అంతే. చివర 'కి' చేరిస్తే 'నాకేం తెలుసు మరి!' అన్న నిస్సహాయత వస్తుంది. 'గెల్' అంటే రా. 'గెల్సెనె' అంటే 'రావచ్చు కదా!' ఎంత చనువో చూడండి. 'హాది యా!' అంటే 'అవునా, నిజంగానా!'

అర్థాలు బట్టీ పట్టడం ఆపి, సీరియళ్లలో ఒక్కో పదం ఏ భావంతో వస్తుందో విన్నాను. వాక్యాన్ని అదే రాగంతో పైకి పలికాను. కదా, లే, మరి లేకుండా మాట్లాడలేని మనకు ఇది తొందరగానే పట్టుబడుతుంది. 'యా' ఒక్కటే కష్టం. విసుగైనా, బతిమాలుడైనా, ఆశ్చర్యమైనా అదే. గొంతును బట్టే తెలుస్తుంది. ఆఫీసు ఈమెయిల్‌లో మాత్రం రాయకండి.