పూడ్చిన గుంత మళ్లీ అక్కడే పడుతుంటే

గుంత పూడ్చిన నెలకే మళ్లీ తేలింది

చాలాసార్లు తప్పు తారుది కాదు, కింద చేరిన నీళ్లది. బీటలోంచి దిగిన నీరు కంకర పొరను నానబెడుతుంది. లారీ చక్రం పడ్డప్పుడల్లా ఆ నీరు పైకి చిమ్ముతూ సన్నటి మట్టిని వెంట తెస్తుంది. బీట అంచున ఎండిన మట్టి చారలు కనిపిస్తే అడుగు గుల్లవుతోందని అర్థం.

ముందు పక్క కాలువ పూడిక తీసి నీళ్లకు దారి చూపాలి. గుంత సంగతి ఆ తర్వాతే. గట్టి భాగం తగిలేదాకా అంచులు నిలువుగా కోసి, దుమ్ము ఊడ్చి, ఆరనిచ్చి, అడుగునా పక్కలా పల్చగా తారు పూయాలి. తారు, కంకర కలిపిన మిశ్రమాన్ని పొరలుగా పోసి ఒక్కో పొరనూ కుదించాలి. చివర్లో అంచుల సందులు మూయాలి, నీరు మళ్లీ దూరేది అక్కడే. నీళ్లున్న గుంతలో మిశ్రమం పోసి పారతో తట్టి వెళ్లడాన్ని నేను మరమ్మతు అనను.

మొసలి చర్మంలా బీటలు

రోడ్డు మందానికి మించిన బరువు పదేపదే నడిచింది, లేదా అడుగు మెత్తబడింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా వేసిన రోడ్లపై లారీలు తిప్పి పరీక్షించారు. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లవుతుందన్న లెక్క ఆ పరీక్షల నుంచే వచ్చింది. అంటే కార్లు వేలల్లో తిరిగినా రోడ్డుకు పెద్దగా ఏమీ కాదు, దాన్ని నలిపేది అధిక బరువు లారీలే. పైన పల్చటి పొర వేస్తే అవే బీటలు మళ్లీ పైకొస్తాయి. చెడిన చోట అడుగుదాకా తవ్వి కట్టాలి, లారీలను తూకం వేయాలి.

చక్రాల దారిలో పల్లం

పల్లానికి అటూఇటూ గట్లు లేచాయా? వేడికి మిశ్రమమే జారింది, ఆ పొర గీకి గట్టి మిశ్రమం వేయాలి. గట్లు లేకుండా వెడల్పుగా దిగితే లోపం అడుగున ఉంది.

వంతెన ఎక్కేచోట కుదుపు

వంతెన చివరి గోడ వెనక పోసిన మట్టి కుంగింది. మట్టి కొట్టుకుపోవడం ఆపి, ఖాళీల్లో సిమెంటు పాలు ఎక్కించి, మట్టం సరిచేయాలి.

వంతెన పలక బోలుగా మోగుతోంది

పలక మీద ఇనుప గొలుసు ఈడ్చి వినండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, పొర విడిపోయిన చోట డబడబమంటుంది. లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, పైపొరను నెట్టేస్తున్నాయి. ఆ కాంక్రీటు చువ్వల వెనక దాకా తీసి, తుప్పు గీకి, కొత్తది పోయాలి. నీరు కారే జాయింట్లు మార్చాలి.

ఉక్కు భాగంలో సన్నటి బీట

దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు. 1967 డిసెంబర్ 15న ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. మూలం ఒకే ఒక్క ఉక్కు పట్టీలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతు లోపం. అమెరికాలో వంతెనల తనిఖీకి 1971లో జాతీయ ప్రమాణాలు వచ్చింది ఆ దుర్ఘటన వల్లే. బీట కొసన గీత గీసి పక్కన తేదీ రాయండి, ఇంజనీరు వచ్చి చూసేదాకా బరువు వాహనాలను ఆపండి. గీత దాటి బీట సాగితే వంతెన మొత్తం మూసేయండి.