ధోలావీరా వెళ్తే ఊరి ప్లాన్ ఎలా చూడాలి

గుజరాత్‌లోని కచ్‌లో ఖదీర్ బేట్ అనే దీవి మీదున్న ధోలావీరాకు వెళ్లినవాళ్లు చాలామంది నేరుగా కోట ఎక్కి, ఫొటోలు దిగి, "మొండిగోడలు తప్ప ఏముంది ఇక్కడ" అంటూ తిరుగు ముఖం పడతారు. దయచేసి అలా చేయకండి. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి సింధు నాగరికత ఊరది, ముందు నీళ్లు చూడండి, గోడలు తర్వాత.

బయల్దేరే ముందే ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఊరికి చెరోవైపు ఉన్న మన్సర్, మన్హర్ వాగుల్ని గుర్తుపట్టి పెట్టుకోండి. రెండూ వానాకాలం వాగులే. వాటికి అడ్డంగా రాతికట్టలు వేసి, వచ్చిన కాసిన్ని నీళ్లనీ ఊరి చుట్టూ తవ్విన చెరువుల్లోకి మళ్లించారు. నేల వాలు దాదాపు 13 మీటర్లు ఉండటంతో ఒక చెరువు నిండితే నీళ్లు వాటంతటవే తర్వాతి దాంట్లోకి దిగేవి. అందుకే నడక కోటకు తూర్పునున్న పెద్ద చెరువు దగ్గర మొదలుపెట్టండి: పొడవు 73 మీటర్లు, వెడల్పు 29, లోతు 10, కిందికి దిగడానికి మెట్లు. అక్కడ పది నిమిషాలు ఆగితే ఊరు ఇక్కడే ఎందుకు కట్టారో మీకే తెలుస్తుంది.

తర్వాత కోట ఉత్తర ద్వారం. సింధు లిపిలో పది పెద్ద గుర్తులున్న బోర్డు దొరికింది ఇక్కడే, దాన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేకపోయారు. ద్వారంలో నిలబడి ఉత్తరానికి చూస్తే ముందు పెద్ద మైదానం, దాని అవతల మధ్య ఊరు. దిగువ ఊరు తూర్పున. వీటన్నిటినీ చుట్టిన బయటి గోడ సుమారు 771 మీటర్లు పొడవు, 617 వెడల్పు. మధ్య ఊళ్లో వీధి వెంట నడుస్తూ మూలల్ని గమనించండి, వీధులు ఎంత తిన్నగా ఒకదాన్నొకటి కోస్తాయో!

మొహెంజొదారో ఫొటోలు చూసి వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడిలా కాల్చిన ఇటుక కోసం వెతక్కండి, ఇక్కడ ఎక్కువగా రాయి, పచ్చి ఇటుకే.

చలికాలంలో, పొద్దున్నే వెళ్లండి, నీడ దాదాపు ఉండదు, తాగే నీళ్లు మీరే పట్టుకెళ్లాలి.

కోట ఎక్కడం ఆఖరికి పెట్టుకోండి. పైకెక్కాక రాతితో కట్టిన వాననీటి కాలువలు వెతకండి, కొన్నిచోట్ల మనిషి లోపలికి దిగి నడిచేంత ఎత్తుంటాయి. కోట మీద పడిన వానను కూడా వృథా పోనివ్వకుండా చెరువుకే పంపేవి అవి.