క్లాసులో చెప్పిన పాఠానికి ఫోన్‌తో చిన్న వీడియో చేయడం ఎలా

ముందు ఒక మాట: పాఠమంతా మళ్లీ కెమెరా ముందు చెప్పకండి. పాఠం మొత్తం కావాలంటే పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో ఏదో ఒకటి దొరుకుతుంది. మీ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో మాత్రం మీకే తెలుసు, వాళ్ల నోటుబుక్కులు దిద్దేది మీరే కాబట్టి.

విజాతి భిన్నాల, అంటే హారాలు వేరువేరుగా ఉన్న భిన్నాల కూడికే తీసుకోండి. 1/2 + 1/3 ఇస్తే చాలామంది లవాలు లవాలతో, హారాలు హారాలతో కలిపేసి 2/5 అని రాస్తారు. వీడియో సరిగ్గా అక్కడ మొదలుపెట్టండి. "2/5 అంటే సగం కంటే తక్కువ కదా, మరి సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?" అని అడిగి, వీడియో ఆపి ఆలోచించమనండి. తర్వాత పొడవాటి కాగితం ముక్కను ఆరు సమాన భాగాలుగా మడిచి, సగానికి మూడు గళ్లు ఒక రంగు, మూడో వంతుకి రెండు గళ్లు ఇంకో రంగు వేస్తే 5/6 కళ్లకి కనబడుతుంది. క.సా.గు. మాట అప్పుడు ఎత్తండి. ముందే చెబితే బట్టీ పట్టే సూత్రాల్లో అదొకటి అవుతుంది, అంతే.

మీ మొహం కనబడక్కర్లేదు, చేతులు కనిపిస్తే చాలు. బల్ల మీద పుస్తకాలు ఎత్తుగా పేర్చి, కెమెరా అంచు దాటి బయటికి వచ్చేలా ఫోన్ పెట్టి, కదలకుండా పైన ఇంకో బరువైన పుస్తకం పెట్టండి. కుడిచేత్తో రాసేవాళ్లు కిటికీ ఎడమవైపు ఉండేలా కూర్చుంటే చేతినీడ అక్షరాల మీద పడదు. పెన్నుతో కాదు, స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు చూస్తారు కానీ మాట వినబడకపోతే వెంటనే ఆపేస్తారు.

నిడివి నాలుగైదు నిమిషాలు దాటనివ్వొద్దు. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల వీడియోలను పరిశీలించినప్పుడు కూడా ఆరు నిమిషాల లోపు వాటినే ఎక్కువ శ్రద్ధగా చూశారని తేలింది, అక్కడ చూసింది మన స్కూలు పిల్లలు కూడా కాదు.

చివర్లో ఒక్క లెక్క ఇవ్వండి, 1/4 + 1/3 లాంటిది. జవాబు సగం కంటే ఎక్కువో తక్కువో ముందే ఊహించి రాయమనండి.

డేటా తక్కువున్న ఇళ్లు ఉంటాయి, అందుకే 720పీలోనే తీసి వాట్సాప్‌లో పంపండి. ఇంట్లో ఫోన్ లేని పిల్లల కోసం మర్నాడు క్లాసు మొదట్లోనే స్కూలు టీవీ మీదో, మీ ఫోన్‌లోనో వేసి చూపించి, ఆ తర్వాతే నోటుబుక్కులు తీయించండి.