లెస్టర్‌లో ఏడాది మాస్టర్స్‌కి వెళ్తున్నారా? ఇలా మొదలుపెట్టండి

ముందు ఆఫర్ లెటర్ తీసి యూనివర్సిటీ పేరు ఇంకోసారి చదవండి. ఎందుకంటే ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్లో రెండున్నాయి. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ లెస్టర్, రెండోది డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీ. కన్సల్టెన్సీ వాళ్లు రెంటినీ "లెస్టర్" అనే అంటారు. ఫీజు వేరు, క్యాంపస్ వేరు, కోర్సులు వేరు. ఇక్కడ నేను చెప్పేది మొదటిదాని గురించి. కానీ అద్దెలు, ఉద్యోగాలు, వీసా గురించి చెప్పేది రెండో దానికి వెళ్లేవాళ్లకీ పనికొస్తుంది.

మాస్టర్స్ ఏడాదే కదా, చరిత్ర తెలుసుకుని ఏం చేస్తాం అనుకోకండి. ఈ యూనివర్సిటీని రాజులో బిషప్పులో కట్టించలేదు, ఊరివాళ్లు చందాలు వేసుకుని పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా 1921లో కాలేజీగా మొదలైంది. స్థలం ఇచ్చింది థామస్ ఫీల్డింగ్ జాన్సన్ అనే ఒక మిల్లు యజమాని. ఆయన కొని ఇచ్చిన భవనం అంతకుముందు పిచ్చాసుపత్రి, 1837లో కట్టింది, యుద్ధం రోజుల్లో గాయపడ్డ సైనికుల ఆసుపత్రి. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది. మొదటి ఏడాది చేరిన విద్యార్థులు తొమ్మిది మందే. వాళ్లకి డిగ్రీలు లండన్ యూనివర్సిటీ పేరు మీద వచ్చేవి, సొంతంగా ఇచ్చే హక్కు 1957లో రాయల్ చార్టర్‌తో, అంటే రాణి ఇచ్చే అధికార పత్రంతో వచ్చింది. "వాళ్లకు జీవితం దక్కాలని" అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఈ యూనివర్సిటీ మోటో. క్యాంపస్ పక్కనే ఉన్న విక్టోరియా పార్కులో యుద్ధ స్మారక తోరణం చూశాక ఆ "వాళ్లు" ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

చేరిన వారంలోనే, ఇంకా చలి మొదలు కాకముందే, ఒక మధ్యాహ్నం క్యాంపస్ అంతా నడవండి. ఇంజినీరింగ్ బిల్డింగ్ దగ్గర కాసేపు ఆగండి. జేమ్స్ స్టిర్లింగ్, జేమ్స్ గోవన్ అనే ఆర్కిటెక్టులు డిజైన్ చేశారు, 1963లో పూర్తయింది. ఎర్ర ఇటుక, ఎర్ర టైల్స్, పైన అద్దాల కప్పు వజ్రాల్లా వాలుగా, భవనానికి ఏటవాలుగా తిరిగి ఉంటుంది. స్టైల్ కోసం కాదు, వర్క్‌షాపుల్లోకి ఉత్తరం వైపు వెలుతురు రావాలి, స్థలమేమో ఆ దిక్కుకి సరిగ్గా లేదు, అందుకని కప్పునే తిప్పేశారు. టవర్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం కూడా పైనున్న నీళ్ల ట్యాంకే, కింద హైడ్రాలిక్స్ ల్యాబ్‌కి నీళ్ల ఒత్తిడి కావాలి కాబట్టి. ఇంజినీరింగ్ చదివి వచ్చిన మనవాళ్లు చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు, ఈ సంగతి తెలిస్తే ఇంకో పది నిమిషాలు ఆగేవాళ్లు.

పద్దెనిమిది అంతస్తుల అటెన్‌బరో టవర్ ఇంకొంచెం ముందుకెళ్తే కనిపిస్తుంది. అందులో పేటర్‌నాస్టర్ అనే లిఫ్టు ఉండేది. తలుపుల్లేవు, ఆగదు. చిన్న చిన్న పెట్టెలు గొలుసు మీద మెల్లగా తిరుగుతూనే ఉంటాయి, మన పెట్టె వచ్చినప్పుడు అడుగు వేసి ఎక్కాలి, మన అంతస్తు రాగానే దిగిపోవాలి. 2017లో మూసేశారు. టవర్ పేరు మాత్రం గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో వాళ్ల నాన్నది. ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 వరకు ఇక్కడ ప్రిన్సిపల్. పిల్లలు క్యాంపస్‌లోనే పెరిగారు. జంతువుల డాక్యుమెంటరీల డేవిడ్ చిన్నప్పుడు జువాలజీ డిపార్ట్‌మెంట్‌కి న్యూట్‌లు, అంటే నీళ్లలో ఉండే చిన్న బల్లుల్లాంటి జీవులు, ఒక్కోటి మూడు పెన్నీలకి అమ్మేవాడట. పట్టింది మాత్రం ఆ డిపార్ట్‌మెంట్ పక్కనున్న చెరువులోనే!

జెనెటిక్స్ గురించి చెప్పకపోతే తప్పు. 1984 సెప్టెంబర్ 10న అలెక్ జెఫ్రీస్ ఇక్కడి ల్యాబ్‌లో ఒక ఎక్స్‌రే ఫిల్మ్ బయటికి తీసి చూసి, మనిషికీ మనిషికీ డీఎన్ఏ గీతలు ఎలా తేడాగా ఉంటాయో కనిపెట్టారు. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అలా పుట్టింది. అందరూ దాన్ని హత్య కేసులతో ముడిపెడతారు గానీ, మొదట ఉపయోగపడింది ఇమిగ్రేషన్ కేసులో. ఘనా నుంచి తిరిగొచ్చిన ఒక అబ్బాయిని ఆ తల్లి కొడుకు కాదని ఇమిగ్రేషన్ వాళ్లు అనుమానిస్తే, 1985లో ఈ పరీక్షే అతన్ని ఇంటికి చేర్చింది. తర్వాత 2012లో సిటీ సెంటర్‌లో ఒక కార్ పార్కింగ్ తవ్వి, 1485లో యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ రాజు ఎముకల్ని బయటికి తీసినవాళ్లూ ఈ యూనివర్సిటీ పురావస్తు శాఖవాళ్లే. ఇప్పుడు ఆయన సమాధి లెస్టర్ కెథడ్రల్‌లో ఉంది, ఎదురుగానే మ్యూజియం.

సరే, ఇక ఇల్లు. యూనివర్సిటీ హాస్టళ్లు చాలావరకు ఓడ్బీ వైపు ఉంటాయి, క్యాంపస్‌కి రెండు మూడు మైళ్లు, బస్సు ఖర్చు లెక్కలో వేసుకోండి. బయట అద్దెకైతే క్లారెండన్ పార్క్, ఎవింగ్టన్ రోడ్ వైపు చూడండి, నడిచి రావచ్చు. ఫోటోలు చూసి ఇండియా నుంచే డబ్బు పంపొద్దు, మొదటి వారం రెండు వారాలు ఎక్కడో ఒకచోట తాత్కాలికంగా ఉండి కళ్లతో చూశాకే సంతకం పెట్టండి. మామూలు అద్దె ఒప్పందాల్లో డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించి అడగకూడదు, తీసుకున్న 30 రోజుల్లో ఇంటి ఓనర్ దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో వేయాలి. ఏ స్కీమో కాగితం అడిగి తీసుకోండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంకో మెలిక: ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితేనే కౌన్సిల్ టాక్స్, అంటే ఊరి కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను, పూర్తిగా మాఫీ. చదువు అయిపోయి ఉద్యోగం చేసుకుంటున్న అన్నయ్య ఎవరైనా అదే ఇంట్లో ఉంటే బిల్లు వస్తుంది. మన ఇళ్లలో ఇది తరచూ గొడవలకి దారితీస్తుంది, చేరేముందే తేల్చుకోండి.

వీసా ఫీజుతోనే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ కట్టేశారు కాబట్టి, జ్వరం వచ్చేదాకా ఆగకుండా దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ చేసుకోండి.

పార్ట్‌టైమ్ దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. మాస్టర్స్ స్టూడెంట్లకి కోర్సు నడుస్తున్న రోజుల్లో వారానికి 20 గంటలే. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఈ వారం 10 చేశాను, వచ్చే వారం 30 చేస్తా అంటే కుదరదు. అన్నిటికంటే ముఖ్యం, డిసర్టేషన్ (చివర్లో రాసే పెద్ద ప్రాజెక్టు రిపోర్టు) రాసే వేసవి మనకి సెలవు కాదు, కోర్సులో భాగమే. డిగ్రీ పిల్లలు ఫుల్‌టైమ్ చేస్తున్నారని చూసి మీరు చేశారో, వీసాకే ఎసరు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కూడా కుదరదు, అంటే ఫుడ్ డెలివరీ యాప్‌లు వద్దు, ఇంకొకరి అకౌంట్ మీద అసలే వద్దు.

చదువు విషయానికొస్తే, మార్కులు చూసి కంగారుపడకండి. 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. ఇంటర్‌లో 980 తెచ్చుకున్నవాళ్లకి మొదటి అసైన్‌మెంట్‌లో 58 వస్తే నిద్రపట్టదు, కానీ అది పరవాలేదనిపించే మార్కే. కింద రాసిన కామెంట్లు చదవండి, "వివరించావు, నీ అభిప్రాయం ఏది?" అన్న అర్థంలో ఏదో ఉంటుంది. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ప్రతి పేజీ చూస్తుంది, సీనియర్ల పాత ఫైళ్లు అందులో ముందే ఉంటాయి. లెక్చరర్‌కి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు, పేరు పెట్టి పిలవమంటారు, రెండు వారాలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. డౌట్లు అడగడానికి ఆఫీస్ అవర్స్ అని టైమ్ ఇస్తే వెళ్లండి, మనవాళ్లు వెళ్లరు.

డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి పడుతుంది. రూమ్, క్లాసు, షిఫ్టు, మళ్లీ రూమ్, ఇదే తిరుగుడు అయితే మనిషి డల్ అయిపోతాడు. కొత్తవాళ్ల కోసం మొదట్లో జరిగే ఫ్రెషర్స్ వారంలోనే మనవాళ్లెవరూ లేని సొసైటీ, అంటే స్టూడెంట్ క్లబ్బు, ఒక్కటైనా పట్టుకోండి, కొండలెక్కేదైనా సరే, బోర్డ్ గేములైనా సరే. ఇంటి మీద బెంగ పుడితే బెల్‌గ్రేవ్ రోడ్ ఉండనే ఉంది, కరివేపాకు, మునక్కాయలు, సోనా మసూరి అన్నీ దొరుకుతాయి. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి భారత సంతతివాళ్లని వెళ్లగొట్టినప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పేపర్‌లో "మా ఊరికి రావద్దు" అని ప్రకటన వేయించింది. వాళ్లు వచ్చారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద దీపావళి లైట్లు పెట్టించేది ఆ కౌన్సిలే.

చివర్లో వీసా. కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలియజేశాక, మీ స్టూడెంట్ వీసా గడువు తీరకముందే, యూకేలో ఉండగానే గ్రాడ్యుయేట్ వీసాకి, అంటే చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చేసుకునే వీసాకి, అప్లై చేయాలి. అక్క పెళ్లని ఇండియా వచ్చి ఇక్కడి నుంచి పెడతానంటే కుదరదు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే. గ్రాడ్యుయేషన్ మాత్రం క్యాంపస్ పక్కనున్న డి మాంట్‌ఫర్ట్ హాల్‌లో జరుగుతుంది, పేరు చూసి వేరే యూనివర్సిటీకి పంపిస్తున్నారేమో అనుకోవద్దు. అమ్మానాన్నల్ని పిలవాలనుకుంటే విజిటర్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, తేదీ తెలిసిన రోజే వాళ్ల పాస్‌పోర్టులు ఎప్పటిదాకా చెల్లుతాయో చూడమనండి.