అక్షర ధ్వనుల ఆటలు ఆడించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కోనసీమలో ఎన్నో బడుల ఆవరణలకు కొబ్బరి చెట్లే నీడ కాబట్టి, పిల్లలను వరుసలో నిలబెట్టక ముందే తలెత్తి ఎండుమట్టలు, ముదిరిన కాయలు ఉన్నాయేమో చూసి, ఉంటే చోటు మార్చాలి. వానాకాలంలో నాచు పట్టిన నేలపై పరుగుల ఆట వద్దు. కాలువ వైపు గేటు మూసి, అక్కడ ఆయాను నిలబెట్టాలి.

ఒక ఆటకు రెండు మూడు అక్షరాలు చాలు. మ, క, స వంటివి చెవికి వేరువేరుగా వినిపిస్తాయి. ద, ధ గానీ ల, ళ గానీ ఒకే ఆటలో పెడితే పసివాళ్లు తికమకపడతారు.

ఒక్కో అక్షరానికి నేలపై ఒక్కో వలయం గీస్తాం; టీచరు పలికిన పదం ఏ ధ్వనితో మొదలైతే ఆ వలయంలోకి పిల్లలు దూకాలి. ఈ వలయాలను సున్నం కలిసిన ముగ్గుతో కాక బియ్యప్పిండితో గీయాలి, ఎందుకంటే సున్నం కళ్లలో పడితే ప్రమాదం. టీచరు "మామిడి" అనగానే అందరూ 'మ' వలయంలోకే దూకుతారు, తలలు ఢీకొనేది అప్పుడే. అందుకే నలుగురేసి చొప్పున పంపాలి.

తప్పు వలయంలోకి దూకిన బిడ్డను ఆట నుంచి తప్పించడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ ధ్వనిని మళ్లీ వినవలసిన అవసరం ఆ బిడ్డకే ఎక్కువ. వెనుక నుంచి పదేపదే పిలిచినా తిరగని బిడ్డ ఉంటే, చెవి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు ఆ రోజే చెప్పాలి.