బ్రౌజర్‌లో జీపీయూ వేగం కొలుద్దాం – 4వ పాఠం: సున్నాలను పారేయకండి

ఈసారి రెండు షేడర్లను, అంటే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నడిచే చిన్న ప్రోగ్రాములను, పోల్చడం మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన ఫలితాలు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను.

పని మొదలైన, ముగిసిన సమయాలను జీపీయూనే అడిగే టైమ్‌స్టాంప్ క్వెరీతో ఒక చిన్న కంప్యూట్ పాస్ (జీపీయూకి ఒక విడతగా ఇచ్చే లెక్కల పని) ఎంతసేపు నడిచిందో చూడమన్నాను. చాలామందికి 0 వచ్చింది. మళ్లీ నడిపితే మళ్లీ 0. మధ్యలో ఎప్పుడో 100 మైక్రోసెకన్లకు దగ్గరగా ఒక అంకె. ఒకరిద్దరికి మైనస్ విలువ కూడా వచ్చింది. దాంతో కొందరు టెన్షన్ పడి కోడ్ అంతా తిరగరాశారు. అవసరం లేదు, మీ కోడ్ బాగానే ఉంది. బ్రౌజరే గడియారాన్ని కావాలని మొద్దుబార్చింది.

క్రోమ్ 2024 జనవరిలో, 121వ వెర్షన్‌తో, వెబ్‌జీపీయూలో (వెబ్ పేజీ జీపీయూను వాడుకునే కొత్త పద్ధతి) టైమ్‌స్టాంప్ క్వెరీలను అందరికీ తెరిచింది. తెరుస్తూనే విలువలను 100 మైక్రోసెకన్ల మెట్లకు కుదించింది, అంటే 0, 100, 200 తప్ప మధ్య విలువలు రావు. దానికి కారణం తెలియాలంటే 2011కి వెళ్లాలి. అప్పట్లో వెబ్‌జీఎల్‌లో (వెబ్ పేజీలో గ్రాఫిక్స్ గీసే పాత పద్ధతి) వేరే సైటు బొమ్మను కూడా టెక్స్చర్‌గా, అంటే గీసే ఆకారం మీద అతికే బొమ్మగా, వాడుకోగలిగేవారు. పిక్సెళ్లను నేరుగా చదవనిచ్చేవారు కాదు, నిజమే. కానీ తెల్ల పిక్సెల్ వస్తే ఎక్కువసేపు, నల్ల పిక్సెల్ వస్తే తక్కువసేపు నడిచే షేడర్ రాస్తే చాలు, పట్టిన సమయాన్ని బట్టే బొమ్మ బయటపడేది. ఆ ఏడాదే ఫైర్‌ఫాక్స్ 5 వేరే సైటు టెక్స్చర్లను ఆపేసింది. తర్వాత సదరు సైటు కార్స్ (CORS, తన డేటాను ఏ సైట్లు వాడుకోవచ్చో సైటు చెప్పే పద్ధతి) ద్వారా అనుమతిస్తేనే వాడుకునే పద్ధతి వచ్చింది.

2018లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రైయె యూనివర్సిటీ పరిశోధకులు గ్లిచ్ అనే దాడిని చూపించారు. నెక్సస్ 5 ఫోన్‌లో, కేవలం ఒక వెబ్ పేజీ నుంచి, జీపీయూ టైమర్లతో ఏ డేటా క్యాష్‌లో (చిప్ లోపలి చిన్న, వేగవంతమైన మెమరీలో) ఉందో, ఏది మెమరీ నుంచి వచ్చిందో కనిపెట్టి, ఆ సమాచారంతో మెమరీలో బిట్లు తిరగబడేలా చేసి, రెండు నిమిషాల్లోపే బ్రౌజర్‌ను చేజిక్కించుకున్నారు. ఆ తర్వాత క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వెబ్‌జీఎల్ టైమర్‌ను ఆపేశాయి. క్రోమ్ దాన్ని మళ్లీ ఇచ్చినప్పుడు మొద్దుబార్చే ఇచ్చింది.

‘మెట్లు తీసేసే సెట్టింగ్ ఉందట కదా?’ అని అడిగారు. ఉంది. క్రోమ్ ఫ్లాగుల (ప్రయోగాత్మక సెట్టింగుల) పేజీలో వెబ్‌జీపీయూ డెవలపర్ ఫీచర్స్ ఆన్ చేస్తే మెట్లు పోతాయి. మీ సొంత మెషీన్‌లో, విడిగా పెట్టుకున్న ప్రొఫైల్‌లో, మీ పేజీ ఒక్కటే తెరిచి వాడుకోండి. మీ సైటుకొచ్చేవాళ్లను మాత్రం అది ఆన్ చేసుకోమని ఎప్పుడూ చెప్పకండి. వాళ్లు దాన్ని మళ్లీ ఆఫ్ చేయరు. ఆ తలుపు ప్రతి సైటుకూ తెరిచే ఉంటుంది.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన విషయం. చాలామంది సున్నాలను ‘చెడు రీడింగులు’ అనుకుని తీసేసి, మిగిలినవాటికి సగటు కట్టారు. దయచేసి అలా చేయకండి.

సెకన్ల ముల్లు లేని గడియారం చూసుకోండి. ఇరవై సెకన్ల పని 10 గంటల 4 నిమిషాల 10 సెకన్లకు మొదలైతే గడియారం కదలదు, పట్టిన సమయం 0. అదే పని 50వ సెకనుకు మొదలైతే ముల్లు అయిదో నిమిషానికి మారుతుంది, పట్టిన సమయం ఒక నిమిషం. పని ఒకటే. మొదలైన క్షణమే వేరు. ఇక్కడ సున్నా తప్పూ కాదు, ఒక నిమిషం ఒప్పూ కాదు. రెండూ కలిస్తేనే నిజం తెలుస్తుంది.

మీ పాస్ నిజంగా 30 మైక్రోసెకన్లు పడుతుందనుకుందాం. పది రీడింగుల్లో సుమారు ఏడు 0, మూడు 100. అన్నీ కలిపి సగటు కడితే 30. సున్నాలు తీసేస్తే 100. ఇప్పుడు 60 మైక్రోసెకన్ల పాస్ తీసుకోండి. నాలుగు 0, ఆరు 100. అన్నీ కలిపితే 60. సున్నాలు తీసేస్తే మళ్లీ 100! అంటే కష్టపడి షేడర్‌ను రెండింతలు వేగంగా చేసినా మీ పట్టికలో ఏ మార్పూ కనిపించదు. మీడియన్ (వరుసలో పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) తీసినవాళ్ల పరిస్థితి ఇంకా దారుణం: మొదటిదానికి 0, రెండోదానికి 100. మెట్టు సరిగ్గా 100 కాకుండా కాస్త అటూఇటూ ఉన్నా ఈ లెక్క తీరు మారదు.

మైనస్ విలువల సంగతి వేరు. జీపీయూ లోపలి కౌంటర్ అప్పుడప్పుడు రీసెట్ కావచ్చని వెబ్‌జీపీయూ నిర్దేశమే చెబుతోంది. వాటిని తీసేయండి, ఎన్ని తీశారో రాసి పెట్టుకోండి.

మరి సగటుతోనే సరిపెట్టుకోవచ్చా? పైన చెప్పిన 30 మైక్రోసెకన్ల పాస్ సగటు ఒక మైక్రోసెకన్ తేడాలో నిలబడాలంటే సుమారు రెండు వేల రీడింగులు కావాలి. నేనైతే ఆ దారి పట్టను. గడియారం మొద్దుగా ఉంటే పనినే పెంచుతాను. ఒకే పాస్‌లో అదే డిస్పాచ్‌ను (షేడర్‌ను ఒకసారి నడపమనే ఆదేశాన్ని) 200 సార్లు పెట్టండి. మొత్తం దాదాపు 6 మిల్లీసెకన్లు. మెట్టు వల్ల వచ్చే తప్పు మహా అయితే 0.1 మిల్లీసెకన్, అంటే రెండు శాతం లోపే. తర్వాత 400 సార్లు పెట్టి, రెండు మొత్తాల తేడాను 200తో భాగించండి. పాస్ మొదలవడానికి, ముగియడానికి పట్టే స్థిరమైన ఖర్చు ఈ తీసివేతలో పోతుంది. ఇంకో లాభమూ ఉంది: చిన్న పనికి జీపీయూ తక్కువ క్లాక్ వేగంలోనే ఉండిపోతుంది, పెద్ద పని ఇస్తే పూర్తి వేగానికి లేస్తుంది. అందుకే మొదటి కొన్ని రీడింగులను నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోను.

ఫలితాన్ని బఫర్‌లో రాయని షేడర్‌ను కంపైలర్ మొత్తంగా ఎగరగొట్టేయగలదు, జాగ్రత్త. రెండర్ పాస్ (బొమ్మ గీసే పని) అయితే డెప్త్ టెస్ట్ (మరుగున పడే పిక్సెళ్లను వదిలేసే పరీక్ష) ఆపండి, లేకపోతే రెండోసారి గీసినప్పటి నుంచి పిక్సెళ్లు షేడర్ దాకా రాకపోవచ్చు. మరీ వేలకు వేలు పెట్టకండి. విండోస్‌లో జీపీయూ రెండు సెకన్లు బదులివ్వకపోతే సిస్టమ్ డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది, మీ పేజీ వాడుతున్న వెబ్‌జీపీయూ డివైస్ (జీపీయూతో ఉన్న కనెక్షన్) పోతుంది.

మొద్దు గడియారం నుంచి మనం ఇలా సరైన సమయం రాబట్టగలిగితే దాడి చేసేవాళ్లూ రాబట్టగలరు కదా అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. న్యాయమైన అనుమానమే. మన డిస్పాచ్ ఎన్నిసార్లు నడిపినా మారదు. క్యాష్‌లో ఒక డేటా ఉందా లేదా అన్నది అలా కాదు, ఒకసారి తాకితే అది క్యాష్‌లోకి వచ్చేస్తుంది. ప్రతిసారీ పాత స్థితికి తెచ్చి మళ్లీ కొలవాలి. మొద్దు గడియారం దాడిని అసాధ్యం చేయదు, బాగా నెమ్మదింపజేస్తుంది. అందుకే బ్రౌజర్లు దాని మీదే ఆధారపడకుండా కార్స్, సైటుకో ప్రాసెస్ లాంటి కంచెలు కూడా వేశాయి.

అభ్యాసం: ఒక బ్లర్ షేడర్‌ను మూడు వ్యాసార్థాలతో తీసుకుని, ఒక్కోదాన్ని 200, 400, 800 డిస్పాచ్‌లతో కొలవండి. 200 నుంచి 400కి, 400 నుంచి 800కి వచ్చిన తేడాల నుంచి ఒక్క డిస్పాచ్ సమయం లెక్కకట్టండి. ఆ రెండు జవాబులు మూడు శాతం లోపు కలవాలి. కలవకపోతే జీపీయూ క్లాక్ వేగం మారుతోందన్న అనుమానంతో క్రమాన్ని తిరగేసి, 800 నుంచి మొదలుపెట్టండి. పట్టికలో సున్నాలు, మైనస్‌లు ఎన్ని వచ్చాయో విడిగా రాయండి. ఆ వరుస లేని పట్టికను నేను చూడను.